వదిన తారాబలం

మొన్న మా వీధి చివరింటి దంపతులు వచ్చి కూర్చున్నారు. పిల్లలకి సెలవులట, కెన్యా వెళ్ళి సింహాలని చూసొస్తారట. ఆ ఎల్లో ఫీవర్ సూది సంగతి మీకు బాగా తెలుసంటండీ, కాస్త వివరంగా చెబుతారేమోనని వచ్చామండీ అంది ఆవిడ. ఇంగ్లీషు చదువుకున్న కోడలినైన పాపానికి ఇంట్లోవాళ్ళ పాస్‌పోర్టులు, ఆధార్ తప్పులు, ఇన్సూరెన్సు కాగితాలు అన్నీ ముప్ఫై ఏళ్ళుగా నా నెత్తినే ఉన్నాయి. ఇప్పుడు వీధి కూడా ఎక్కి కూర్చుంది. ఒళ్ళు మండినా, కాఫీ ఇచ్చి చెప్పాను.

సూది వెళ్ళేముందే వేయించుకోవాలి గానీ, దాని అసలు పని తిరిగొచ్చేటప్పుడు. ఆ జబ్బు మన దేశంలో లేదు. దాన్ని మోసుకు తిరగ్గలిగిన దోమలు మాత్రం మనకి కావలసినన్ని ఉన్నాయి. అందుకని ఆ దేశాల నుంచి వచ్చి దిగినవాళ్ళని విమానాశ్రయంలో ఆపి, సూది వేసినచోట ఇచ్చే పసుపుపచ్చ కార్డు చూపించమంటారు. మన వీధి డాక్టరు దగ్గర పొడిపించుకుంటే చెల్లదు, ప్రభుత్వం గుర్తించిన చోటే వేయించుకోవాలి. మావాళ్ళైతే విశాఖపట్నం వెళ్ళాల్సి వచ్చింది. ఒక్కసారి వేయించుకుంటే జన్మంతా చెల్లుతుంది. కానీ వేయించుకున్న పది రోజులకి గానీ ఆ కార్డుకి విలువ రాదు. ఈలోపల వచ్చి దిగారో, ఆ గడువు తీరేదాకానో, ఆరు రోజులు నిండేదాకానో, ఏది ముందైతే అంతవరకూ విడిగా ఓ గదిలో ఉంచేస్తారు. ఎంత పెద్దవాళ్ళతో ఫోను చేయించినా ఇంటికి పంపరు.

అలా ఎవరినైనా ఉంచేశారాండీ అని అడిగాడు ఆయన. మా వదినని ఉంచేశారు అన్నాను. అన్నాక ఇంక మాట్లాడబుద్ధి కాక, కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. వదిన పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

ఆవిడ మా ఆయనకి అక్కగారు. మేముండేది తాడేపల్లిగూడెం, మాకు ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. ఆవిడ కాపురం ఏలూరులో. మొగుడు చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు, మిగిలింది అత్తగారొక్కత్తే. పుట్టింటికి వచ్చెయ్యమని అందరూ చెప్పారు. వదిన ఎవరితోనూ వాదించలేదు. "చూద్దాంలే" అంది. చూస్తూ చూస్తూ పాతికేళ్ళు ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆవిడ కూర్చుని తినగా నేను చూడలేదు. వంటింటి గట్టు మీద కంచం పెట్టుకుని, ఒక చెయ్యి పొయ్యి మీదకి, ఒక చెయ్యి కంచంలోకి. ఇంకా పనుందా వదినగారూ అంటే, "అయిపోయిందిలే" అనేది. పొద్దున్న ఆరింటికీ అదే మాట, రాత్రి తొమ్మిదింటికీ అదే మాట. ఆ పని ఎప్పుడు అయిపోయిందో దేవుడికే తెలియాలి. మధ్యాహ్నం గోడకి ఆనుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ నిద్రపోయేది. కళ్ళు మూసుకుపోయేవి, గురక కూడా వచ్చేది, చేతులు మాత్రం ఆగేవి కావు. నిద్రలో తీసినా ఒక్క ఈనె మిగిలేది కాదు. అది చూసి మేమంతా నవ్వేవాళ్ళం.

అత్తగారు మంచం పట్టి అప్పటికి ఎనిమిదేళ్ళు. తొంభైకి దగ్గరపడిన మనిషి, చూపు మసక. రాత్రిళ్ళు వదిన చీర చెంగు వేళ్ళకి చుట్టుకుని గానీ నిద్రపోయేది కాదు. చెంగు కాస్త జారితే చాలు, "అమ్మాయ్" అని కేక. అందుకని వదిన ఆ మంచం పక్కనే కింద చాప వేసుకుని, ఒకే పక్కకి ఒత్తిగిలి పడుకునేది. తెల్లవారేసరికి ఆ భుజం పట్టేసేది. జిందా తిలస్మాతు రాసుకుంటూ "అయిపోయిందిలే" అనేది.

ఇక అన్నం పెట్టడం ఒక తంతు. పెద్దావిడ పుట్టిల్లు మా గూడెమే. చిన్నప్పటి రైలు ప్రయాణాల మీద ఆవిడకి మహా మోజు. అందుకని వదిన ముద్దముద్దకీ ఓ స్టేషను పేరు చెప్పి తినిపించేది. ఇది దెందులూరు, ఇది భీమడోలు, ఇది పూళ్ళ, ఇది కైకరం, ఇది చేబ్రోలు. గూడెం వచ్చేసరికి గిన్నె ఖాళీ. పుట్టిల్లు వస్తోందన్న సంబరంతో పెద్దావిడ చివరి ముద్దకి నోరు ఇంత చేసి తెరిచేది. రోజూ రెండు పూటలా ఈ బండి నడిచేది. ఒక్క స్టేషను తప్పినా ఒప్పుకునేది కాదు.

వదినకి ఇంకో దేవుడు పంచాంగం. వంటింట్లో మేకుకి తగిలించి ఉండేది, పసుపు చేతులతో తిప్పీ తిప్పీ అట్ట చివర్లు పచ్చబడిపోయాయి. గూడెం నుంచి మా ఆయన సరుకు లారీ ఎప్పుడు బయల్దేరదీయాలన్నా అక్కయ్యకి ఫోను చెయ్యాల్సిందే. వర్జ్యం దాటాక బయల్దేరమను అంటే అప్పుడే బయల్దేరేది. మా ఇళ్ళల్లో మనిషి మాటకి ఎదురు చెబుతారు గానీ పంచాంగానికి ఎదురు చెప్పరు. నాకు ఆ నమ్మకం అంతంతమాత్రమే అయినా, నోరు మూసుకునే దాన్ని.

మూడేళ్ళ కిందట ఒక పురుగుమందుల కంపెనీ, బాగా అమ్మిన డీలర్లని ఆఫ్రికా సఫారీకి తీసుకెళ్తామంది. మనిషికి రెండేసి టిక్కెట్లు. నాకు మోకాళ్ళ నొప్పులు, పైగా సింహాన్ని చూసి నేను చేసేదేముంది? అక్కయ్య ఇల్లు కదిలి ఎరగదు, అక్కయ్యని తీసుకెళ్తానన్నారు మా ఆయన. పెద్దావిణ్ణి నేను చూసుకుంటానన్నాను. ఆ మాట అన్నప్పుడు అదెంత మాటో నాకు తెలియదు.

వెళ్ళేవాళ్ళందరినీ మా ఇంట్లో కూర్చోబెట్టి ఈ సూది సంగతి నేనే చదివి వినిపించాను. పది రోజులు నిండాలి, నిండకపోతే తిరిగొచ్చాక గదిలో పెడతారు అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. అందరూ టిఫిన్ తింటూ విన్నారు. వదిన మాత్రం నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడి, "ఆ గదిలో అన్నం వాళ్ళే పెడతారా?" అని అడిగింది. జైల్లో కూడా పెడతారు వదినా అని ఎవరో అన్నారు. అంతా నవ్వారు, ఆవిడా నవ్వింది.

అందరూ విశాఖపట్నం వెళ్ళే రోజు పొద్దున్న వదిన స్టేషనుకి రాలేదు. ఫోను చేస్తే, "ఈవేళ నాకు నైధన తారమ్మా, సూది పొడిపించుకోకూడదు" అంది. తొమ్మిది తారల్లో నైధన తార అంటే మరీ చెడ్డదట, ఆ రోజు ఒంట్లోకి మందు ఎక్కించుకుంటే వికటిస్తుందట. మా ఆయన ఇంకేం మాట్లాడతారు? మళ్ళీ సూది వేసే రోజు వచ్చేసరికి, అది కాస్తా ఆవిడకి విపత్తార అయి కూర్చుంది. చివరికి తారాబలం కుదిరింది విమానం ఎక్కబోయే ముందు రోజున. పక్కింటావిణ్ణి పెద్దావిడ దగ్గర కూర్చోబెట్టి, నేనే రైల్లో తీసుకెళ్ళాను. ఆ దారంతా సణుగుతూనే ఉన్నాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది.

సూది వేసే డాక్టరు తేదీ చూసి ఆగాడు. మీరు తిరిగొచ్చేసరికి పది రోజులు నిండవమ్మా, హైదరాబాదులో ఆపేస్తారు అని మర్యాదగా చెప్పాడు. అటూ ఇటూ ప్రయాణాలు కలుపుకుని ఆరు రోజుల టూరు. నాలుగు రోజులు తక్కువ పడుతుందని వేళ్ళ మీద నేనూ లెక్కేసి చూపించాను. టూరు మానేద్దాం వదినగారూ అన్నాను కూడా. వదిన జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, "వెయ్యి బాబూ, ఏం పర్వాలేదు" అంది. మొండితనానికి మందు లేదని ఊరుకున్నాను.

వాళ్ళు విమానం ఎక్కారు, ఇక్కడ ఏలూరులో నా పని మొదలైంది. మొదటిరోజు స్టేషన్లు గబగబా చెప్పేసి దెందులూరు తరవాత పూళ్ళ అన్నాను. పెద్దావిడ నోరు బిగించేసింది. "భీమడోలు రాలేదు" అంది. సరే, వెనక్కి వెళ్ళి భీమడోలు మీదుగా వచ్చాను. అప్పటికి ఆవిడకి నమ్మకం పోయింది, ఇది మా అమ్మాయి బండి కాదంది. రాత్రి నా చీర చెంగు అందిస్తే వేళ్ళతో తడిమి విసిరికొట్టింది. వదిన కట్టి విడిచిన నేతచీర ఒకటి తెచ్చి చేతికిస్తే అప్పుడు కాస్త కునుకు తీసింది. నాకు మాత్రం కునుకు లేదు. మూడో రోజుకి నేను కూడా గట్టు మీద కంచం పెట్టుకుని నిలబడి తినడం మొదలెట్టాను. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయం.

వదిన రోజుకోసారి ఫోను చేసేది. ఏం చూశారు అని అడిగితే, "సింహం పడుకునే ఉందమ్మా, ఆడవే తిరుగుతున్నాయి" అంది. టూరులో కూడా ఆవిడకి తప్పలేదని మా ఆయన మాటల్లో తెలిసింది. అక్కడి భోజనం మావాళ్ళకి సయించలేదు. కరెంటు కుక్కరూ, కందిపొడీ, ఊరగాయలూ పట్టుకెళ్ళింది వదినే. ఇంకేం, తెల్లవారుజామున జీపులు బయల్దేరే లోపల ఇరవై మందికి పులిహోర కలిపి పొట్లాలు కట్టడం ఆవిడ వంతైంది. అక్కయ్య ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే పస్తులే అని మా ఆయన మురిసిపోయారు. ఫోనులో కాబట్టి బతికిపోయారు.

అమ్మాయి రేపు వచ్చేస్తుందని పెద్దావిడకి చెప్పాను. రేపు వచ్చింది గానీ అమ్మాయి రాలేదు. హైదరాబాదులో దిగినవాళ్ళందరినీ వదిలేసి, వదినని ఆ గదికి తీసుకెళ్ళారు. మా ఆయన అక్కడే ఉంటానంటే ఆవిడే పంపేసింది. ఆ కబురు చెప్పగానే పెద్దావిడ మొహం గోడవైపు తిప్పుకుని, ఆ పూట మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నా అంతే. డాక్టర్ని పిలిపిస్తే, ఈ వయసులో రెండు రోజులు లోపలికేమీ పోకపోతే నేను చెప్పలేనండీ, వాళ్ళ కోడలికి కబురు చెయ్యండి అన్నాడు. కబురు చెయ్యొచ్చు, కోడలు రావద్దూ?

వదినకి ఫోను కలిపి ఏడ్చినంత పని చేశాను. "గిన్నె కలిపావా? ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టు" అంది. పెట్టాను. ఆవిడ హైదరాబాదు నుంచి స్టేషన్లు చెప్పడం, నేనిక్కడ ముద్ద పట్టుకుని నిలబడటం. "అత్తయ్యగారూ, బండి కదిలిందండీ. దెందులూరు వచ్చింది, నోరు తెరవండి" అంది. ముసలి పెదాలు వణికాయి గానీ తెరుచుకోలేదు. వదిన విసుగు లేకుండా మళ్ళీ అంది, మళ్ళీ అంది. చాలాసేపటికి తెరుచుకున్నాయి. ప్రతి స్టేషనులోనూ బండి ఎంతసేపు ఆగాలో ఆవిడకే తెలుసు. మింగిన చప్పుడు ఫోనులో ఎలా వినిపించేదో గానీ, మింగాకనే తరవాతి పేరు చెప్పేది. గూడెం వచ్చేసరికి నా చెయ్యి తిమ్మిరెక్కింది. మా ఇద్దరి మొహాలూ చారు మరకలే. అలా ఆ నాలుగు రోజులూ, పూటపూటకీ ఫోనులోనే ఆ బండి నడిచింది.

అయిదో రోజు మధ్యాహ్నం వదిన ఏలూరులో దిగింది. గుమ్మంలో చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా ఆ గదిలోకే వెళ్ళింది. నేను కాఫీ పెట్టడానికి వంటింట్లోకి పోయాను. తెచ్చేసరికి వదిన మంచం పట్టె మీద కూర్చుని ఉంది, పెద్దావిడ చేతులు ఆవిడ బుగ్గల మీద ఉన్నాయి. కాఫీ అక్కడ పెట్టేసి వచ్చేశాను. నేను ఆ సాయంత్రమే గూడెం బండెక్కాను. ఇంటికెళ్ళి ఒక రోజంతా పడుకున్నాను.

ఆ తరవాత రెండేళ్ళు బతికింది పెద్దావిడ. చివరిదాకా వదిన చేతి మీదుగానే వెళ్ళిపోయింది. కర్మలన్నీ అయ్యాక, ఎప్పటిదో మొక్కు ఉందని వదిన అంటే ఆటో మాట్లాడుకుని ఇద్దరం కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ దర్శనానికి వెళ్ళాం. తిరుగు దారిలో కొల్లేటి గట్టు మీద ఆటో ఆపించాను. చేపల చెరువులు దాటాక కాస్త నీళ్ళు కనిపించిన చోట గూడబాతులు గుంపుగా తేలుతున్నాయి. "ఇలాంటివే చూపించడానికి అంత దూరం తీసుకెళ్ళారమ్మా" అంది వదిన. గంట ప్రయాణంలో ఉన్న కొల్లేటికి ఆవిడ అదే మొదటిసారి రావడం.

ఆ నాలుగు రోజులూ ఆ గదిలో ఏం చేశారు వదినగారూ, ఎప్పుడూ చెప్పలేదే అన్నాను.

"పడుకున్నాను" అంది. "అటు తిరిగి పడుకున్నాను, ఇటు తిరిగి పడుకున్నాను. వెల్లకిలా కూడా పడుకున్నాను. తలుపు దగ్గర కంచం పెట్టి వెళ్ళిపోయేవారు. మంచం మీద కూర్చుని తినేదాన్ని. నీకు ఫోనులో స్టేషన్లు చెప్పడం, పెట్టేసి మళ్ళీ పడుకోవడం."

పాపం, తార కుదరక ఇరుక్కున్నారు అన్నాను. వదిన నీళ్ళవైపే చూస్తూ, మామూలు గొంతుతోనే, "తార బాగానే ఉందమ్మా, మొదటి రోజే బాగుంది" అంది.

నాకు ఒక పట్టాన ఎక్కలేదు. తరవాత ఎక్కింది. మా ఇళ్ళల్లో నాకు అలసటగా ఉంది అంటే, ఎవరికి లేదు అంటారు. తార బాగాలేదంటే మాత్రం లారీలు కూడా ఆగిపోతాయి. పాతికేళ్ళు నెత్తిన పెట్టుకున్న పంచాంగాన్ని ఆవిడ ఒక్కసారి, ఆ ఒక్కసారే, తనకోసం వాడుకుంది. కానీ నాకు ఆ మెచ్చుకోలు తరవాత వచ్చింది. ముందు కోపమే వచ్చింది. అక్కడ పెద్దావిడ మెతుకు ముట్టకుండా గోడకేసి తిరిగి పడుకుంటే, గిన్నె పట్టుకుని మంచం చుట్టూ తిరిగింది నేను. మీ అత్తగారికి ఏమైనా అయ్యుంటేనో అని గట్టిగానే అడిగాను.

"ఆలోచించకుండా చేశాననుకుంటున్నావా? ఆలోచించాను. పోతే పోయారు, నాలుగు రోజులు నావి అనుకున్నాను. అలా అనుకునే సూది వేయించుకున్నాను."

అంత మాట అంత నెమ్మదిగా అనడం నేను ఎవరి దగ్గరా వినలేదు. అది తప్పో ఒప్పో నాకిప్పటికీ తేలలేదు.

"వచ్చాక ఆవిడ నా మొహం తడిమి చూశారు," అంది వదిన. "నువ్వు కాఫీ పెడుతున్నావప్పుడు. నిద్రపోయావా అమ్మాయ్, చెంపలు నిండాయి అన్నారు. ఇంకో నాలుగు రోజులు ఉండాల్సింది, నేను తింటూనే ఉన్నాను కదా అన్నారు." చీర చెంగు వేలికి చుట్టుకుంది. "తిట్టి ఉంటే హాయిగా ఉండేదమ్మా."

"బాగుందండీ మీ వరస. అత్తా కోడళ్ళు మీరిద్దరూ ఒకటి, ముద్ద పట్టుకుని ఏడ్చిన పిచ్చిమొహాన్ని నేనొక్కదాన్నీ" అన్నాను.

వదిన ఫక్కున నవ్వింది. ఆవిడ అంత పైకి నవ్వగా ఎప్పుడూ వినలేదు, గట్టు దగ్గరున్న కొంగలు కూడా లేచాయి. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి దిగిపోయింది. ఊరుకోండి అనలేదు నేను. వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఎండ చల్లబడుతోంది, ఆటో అబ్బాయి రెండుసార్లు హారను కొట్టి, ఆలస్యమవుతోందండీ, ఇంటికెళ్ళాలి కదండీ అన్నాడు.

"కాసేపు ఆగవయ్యా," అన్నాను. "ఈవిడకి ఇంటి దగ్గర ఏం పని లేదు."